కూతకొచ్చిన కౌజు

ఊరికి తెలివి పంచినప్పుడు మిగిలిందంతా తమ ఇంటికే వచ్చిందని సుంకన్నకీ, అతని తమ్ముడు ఓబన్నకీ గట్టి నమ్మకం. గొడుగు తడుస్తుందని వానలో దాన్ని చంకన దాచుకు నడిచే రకాలు. అలా దాచుకోని వాళ్ళని చూసి జాలిపడేవాళ్ళు కూడా.

ఒకరోజు సుంకన్న పెళ్ళాం మారెక్క, "మధ్యాన్నానికి మా అన్న వస్తాండాడు. పోయినసారి వట్టి చారుతో పంపితిరి. ఈసారి కౌజుపిట్టల కూర లేకుంటే ఆయన ఎంబడే నేనూ పుట్టింటికి పోతా" అంది. మారెక్క లేని ఇల్లు తలుచుకోగానే సుంకన్న తమ్ముణ్ణి కేకేశాడు.

అన్నదమ్ములు వేట తెలిసిన తిప్పయ్య తాత దగ్గరికి పరిగెత్తారు. తాత కౌజు కూత నేర్పి, చేతికో వల ఇచ్చాడు.

"చెరో పొదలో కూచోని కూయండి. కూతకి వచ్చినదాని మీద వల ఎయ్యండి. కూసినోడు ఇంట్లో కాలు పెట్టేదాకా కూత విడవకూడదు, సొంత మాట మాట్లాడకూడదు. మాట్లాడితే వేట చెడుతుంది."

అలాగే కూశారు. ఓబన్నకి అన్న దూరిన పొదలోంచి కౌజు కూత వినిపించింది. పాక్కుంటూ వెళ్ళాడు. సుంకన్న చూశాడు. తమ్ముడే. కానీ కూతకి వచ్చింది వాడే కదా. అంతే, వల వేసి, మూటకట్టి భుజానికెత్తుకున్నాడు. సొంత మాట కూడదు గనక ఓబన్న దారి పొడుగునా కౌజులాగే మొత్తుకున్నాడు. ఇంకేముంది, పొదల్లోని కౌజులన్నీ వెంటపడ్డాయి. వలలో చోటు లేదని సుంకన్న వాటిని తుండుగుడ్డతో తోలేసి, ఇంట్లోకి వచ్చి మూట దించాడు.

"పిట్టలేవీ?" అంది మారెక్క.

"శానా వచ్చినాయి వదినా," అన్నాడు వలలోంచి ఓబన్న. "నన్ను పెట్టినాక సోటు ల్యాకపాయ."

మారెక్క చీరలు మూటకట్టుకుని, అప్పుడే వచ్చిన అన్న వెంట నడిచింది.

సుంకన్నకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఉపాయం పట్టాడు.

"కౌజుకి కౌజు కూత. మీ వదినకి మీ వదిన కూత. నేను దోవ పక్కన పొదలో కూచోని కూస్తా. నువ్వు వల పట్టుకోని నిలబడు. మీ వదిన గొంతు ఇనపడంగానే ఏసెయ్."

పొదలో దూరి, మారెక్క గొంతుతో తనని తానే తిట్టుకున్నాడు. "పనికిమాలినోడా, నీకన్నా మన ఎద్దు నయం..." రోజూ వినే తిట్లే గనక అచ్చు గుద్దినట్టు వచ్చాయి. అంతే, ఓబన్న ఆ గొంతు మీద వల విసిరాడు.

వలలో పడ్డా సుంకన్న తాత మాట తప్పలేదు. భుజం మీద వేలాడుతూ మారెక్కలాగే తిడుతూ వచ్చాడు. ఓబన్న ఒక్కో తిట్టుకీ తలూపుతూ మోశాడు. గడప ఇవతలే మూట దించి, పక్కన చతికిలబడ్డాడు.

"కోపం సెయ్యొద్దు వదినా. అన్న వచ్చినాకే లోపలికి పోదాం. పాపం, నువ్వు దొరికినావని తెలీక ఇంకా ఆ పొదలోనే కూస్తాంటాడు."