కొత్త జొన్నల రొట్టె

ఇది చిన్న కథ. పెనం మీద రొట్టె కాలేలోగా చెప్పేయొచ్చు. ఒక ఇంట్లో పాతర ఉండేది. ఆ ఇంటి కోడలికి రొట్టె సయించలేదు. అంతే.

పాతర అంటే తెలిసిందే. గట్టి నేలలో మనిషి దిగేంత గొయ్యి తవ్వి, లోపల చొప్ప పరిచి, పండిన జొన్నలు పోసి, పైన మట్టి మెత్తేస్తారు. వానలు పట్టుకున్నా, పంట పోయినా ఇంటికి అదే దిక్కు. ఆ ఊళ్ళో అందరూ తవ్వుకున్నారు. పక్కింటాయన మాత్రం నేల చూడకుండా మంచిరోజు చూసి తవ్వించాడు. నీళ్ళు పడ్డాయి. అప్పట్నుంచీ బావి కోసమే తవ్వించానని చెబుతున్నాడు. ఎదురింటివాళ్ళు దొంగలకు దొరక్కూడదని తమ పాతర ఆనవాళ్ళు లేకుండా చదును చేశారు. ఇప్పుడు వాళ్ళకే దొరకడం లేదు. గడ్డపారలతో పెరడంతా తిరగేశాక, నేల ఎలాగూ గుల్లయింది కదా అని వంగమొక్కలు నాటారు. వంకాయలు బాగానే కాశాయి.

కోడలి సంగతి కదా.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కళ్ళం నుంచి వచ్చిన కొత్త జొన్నలు నేరుగా పాతరలోకి పోతాయి. అందులోంచి తీసిన పాతవి వంటింట్లోకి వస్తాయి. పాతర గింజకి ఒక వాసన పడుతుంది. తడిమట్టి, ముక్కిన చొప్ప కలిసిన వాసన. విసిరినా పోదు, కాల్చినా పోదు. ఆ ఇంటివాళ్ళకి రొట్టె వాసన అంటే అదే.

కోడలి పుట్టింట్లో కొత్తవి కొత్తగానే తినేవాళ్ళు. కాపురానికి వచ్చిన మొదట్లో ఆమె ముక్కు బిగబట్టి తినేది. తరవాత బిగబట్టడం మరిచిపోయింది. ఇప్పుడు కడుపుతో ఉంది. రొట్టె ముక్క నోటి దగ్గరికి తెస్తే చాలు, పెరట్లోకి పరుగు. చెంపలు లోతుకు పోయాయి. మంత్రసాని వచ్చి చూసి, "ఇట్లాగే తినకుండా ఉంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అని చెప్పి, కోడలు వదిలేసిన రొట్టె తిని వెళ్ళింది.

అప్పుడే కొత్త పంట ఇంటికొచ్చింది.

"అత్తా, కొత్త జొన్నలతో ఒక్క రొట్టె కాల్చుకుంటాను."

"కొత్తవి పాతరకే. పాతవి అయిపోయాక తిందువులే."

"ఎప్పుడైనా అయిపోయాయా?"

"అయిపోనిస్తే అది కాపురమా?"

"పోనీ, కొత్తవి ఎట్లా ఉంటాయో నువ్వు తిన్నావా?"

అత్త ఆలోచించింది. "మీ మామ తినుంటాడు."

మామ అరుగు మీద నుంచి, "నేనా? మా అమ్మ ఉండగానా?" అన్నాడు.

ఊరందరికంటే తెల్లని జొన్నలు పండించే ఇల్లు అది. వాటి రుచి ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. కోడలికి ఆకలి సంగతి పక్కన పెడితే, ఇది మరీ వింతగా తోచింది.

పాతర తెరిచే రోజు వచ్చింది. మామ తాడుకు దీపం కట్టి లోపలికి దించాడు. లోపల గాలి చెడితే దీపం ఆరిపోతుంది, అప్పుడు మనిషి దిగకూడదు. అందరూ దీపాన్నే చూస్తున్నారు. కోడలు కొత్త జొన్నలు కొంగులో పోసుకుని వంటింట్లోకి జారుకుంది.

విసిరింది, పిసికింది, తట్టింది. రొట్టె పొంగింది. వాసన పెరట్లోకి వెళ్ళింది. తెలియని వాసన తన పొయ్యి మీంచి వస్తే ఏ అత్త ఊరుకుంటుంది?

"ఏమిటే అది?"

"రొట్టె, అత్తా."

"మనదేనా?"

"మన చేలోదే."

అత్త పెనం మీది రొట్టె తీసుకుని ముక్క తుంచింది. కోడలు తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. తిట్లు రాలేదు. అత్త నమిలింది. ఇంకో ముక్క తుంచింది. రొట్టె మొత్తం అయిపోయాక పీటకోసం చూడకుండా నేలమీదే కూలబడింది.

"ఇన్నేళ్ళూ మనం పూడ్చిపెట్టింది ఇదా?" అంది. వేళ్ళు నాక్కుంటూ, "నువ్వూ కాల్చుకో తల్లీ. నాకింకోటి పడెయ్యి" అంది.

కోడలు తన రొట్టె పళ్ళెంలో పెట్టుకుంది. అత్త చూస్తోంది. గుమ్మంలో నిలబడి మామ చూస్తున్నాడు. ముక్క నోట్లో పెట్టుకుంది. కడుపు తిప్పలేదు. నెమ్మదిగా నమిలింది. ఏదో పోగొట్టుకున్నదానిలా పళ్ళెంలోకి చూసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మామ.

"దీంట్లో ఏమీ లేదు మామా, ఆ వాసనే లేదు. పాత పిండి ఉందా?"

పాత పిండితో కాల్చిపెట్టారు. తింది. ఇంకోటి అడిగి తింది. పెరట్లోకి పరుగెత్తలేదు. ఆనాటి నుంచీ తిండి సయించి, చెంపలు మళ్ళీ నిండాయి.

పాతర తెరిచిన రోజు సాయంత్రమే, కొత్త జొన్నలు అందులో పోశాక, పైన మట్టి మెత్తడానికి కోడలే కూచుంది.

"ఒక గంపెడైనా పైన ఉంచవే," అని అత్త బతిమాలింది.

కోడలు ఉంచలేదు.