నిలబడ్డ కారులో నూనె మట్టం

కూర్మనాథంగారిని ప్రశ్న అడగాలంటే ఆశ్రమంలో అందరికీ జంకే. ఆయన కోపిష్టి అని కాదు. అడిగినవాడికి ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. మోక్షం సంగతి అడిగినవాడు బావిలో పూడిక తీశాడు. మాయ అంటే ఏమిటన్నవాడు వేసవంతా చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నాడు. అందుకని తెలివైనవాళ్ళు అనుమానాలన్నీ కడుపులోనే దాచుకుని, రెండు పూటలా భోంచేసి, జ్ఞానుల్లా తల ఊపుతూ సుఖంగా కాలం గడిపేవారు.

పైడిరాజు మాత్రం ఆ పొద్దున దాచుకోలేకపోయాడు. ముందురోజే వ్యాసపూర్ణిమ వెళ్ళింది. ఏటా ఆ రోజున గురువుగారు శిష్యుల్లో ఒకరిని పిలిచి దీక్ష ఇస్తారు. ఈసారి ఇచ్చింది పైడిరాజు తరవాత ఎప్పుడో వచ్చి, పైడిరాజు దగ్గరే పాఠం వల్లె వేసుకున్నవాడికి. తెల్లారేసరికి పైడిరాజు బట్టలు సంచీలో కుక్కుకుని వచ్చి గురువుగారి ఎదుట నిలబడ్డాడు.

"గురువుగారూ, నాలో ఏం తక్కువో చెప్పండి. రోజూ నన్ను నేను పరీక్షించుకుంటున్నాను. కోపం ఉందేమోనని వెతుక్కుంటాను, కనబడదు. అసూయ కోసం చూస్తాను, అదీ లేదు. ఏదో తక్కువ కాబట్టే కదా మీరు నన్ను పిలవనిది? అదేమిటో చెబితే దిద్దుకుంటాను. లేదంటే మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతాను."

వెళ్ళిపోతాననడమే గాని, వెళ్ళడానికి అతనికి చోటు లేదు. తండ్రి నడిపిన టాక్సీ, ఉన్న గది, అన్నీ తమ్ముడికి వదిలేసి ఈ సాలూరు కొండల కిందికి వచ్చినవాడు. ఇక్కడ కూడా కాదంటే ఇంకెవరి ముఖం చూడాలో అతనికి తెలియదు.

గురువుగారు సంచీ వంక చూశారు.

"బస్టాండు దాకా నేనే దిగబెడతాను. కారు బయటికి తీయి," అన్నారు.

ఆ కారు వెనకటికి ఒక జమీందారు పై దేశం నుంచి తెప్పించుకుని, మోజు తీరాక భక్తి పుట్టి గురువుగారికి సమర్పించుకున్నది. పడవంత పొడుగు. దానికి క్లచ్చి లేదు, గేర్లు తనంతట తనే మార్చుకుంటుంది. మనం లివరు పెట్టి కాలు నొక్కడమే. నడిపేది గురువుగారు ఒక్కరే, ఆయనా వేసవి నుంచి దాని జోలికి పోలేదు. అయినా టాక్సీవాడి కొడుకు కనుక పైడిరాజు జంకలేదు.

ఇంజన్ స్టార్టయింది. కారు భారంగా కదిలి, షెడ్డు దాటి, సరిగ్గా వంటశాలకు వెళ్ళే దారికి అడ్డంగా వచ్చి ఆగిపోయింది. లివరు ముందుకు పెట్టినా అంతే, వెనక్కి పెట్టినా అంతే. కాలు నొక్కితే ఇంజన్ గావుకేకలు పెడుతుంది, చక్రం మాత్రం పిసరంత కదలదు.

పైడిరాజు దిగి చూశాడు. చేతిబ్రేకు వదిలే ఉంది. కిందికి దూరి చూస్తే లివరు కడ్డీ ఊడిపోలేదు. ఇంజన్ ఆపి, గేర్‌పెట్టెలో నూనె మట్టం చూసే ఇనప పుల్ల బయటికి లాగి, తుడిచి, ముంచి తీశాడు. ఎర్రటి నూనె గీత దాటి పైదాకా ఉంది.

"నూనె చూశావా?" వసారాలోంచి గురువుగారు అడిగారు.

"చూశానండి. నిండుగా ఉంది."

కాసేపటికి ఆయన మళ్ళీ అదే అడిగారు. పైడిరాజు మళ్ళీ ఇంజన్ ఆపాడు, కాస్త ఆగి మళ్ళీ ముంచి చూశాడు. నిండుగానే ఉంది. అతనికి ఏమీ పాలుపోలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా పని జరగదు. తన బతుకూ ఇలాగే ఉందని తోచి, ఆ కారు మీద కొంచెం జాలి కూడా కలిగింది. మళ్ళీ సీట్లో కూర్చుని ఇంజన్ వేసి, మొండిగా కాలు నొక్కుతూ పోయాడు.

అంతలో వంటశాల చూసుకునే అప్పలకొండమ్మ వచ్చింది. పెద్దావిడ, పైడిరాజు వచ్చిన రోజు నుంచీ కొసరి వడ్డిస్తున్న మనిషి.

"బాబూ, కూరల బండి వచ్చీసింది. లోనకి రాడానికి దోవ లేదు. కాసింత పక్కకి తీద్దురూ."

"కదిలితే తియ్యనా? కనిపించడం లేదా?"

"ఏటయ్యింది బాబూ?" అంటూ ఆవిడ పాపం వంగి చూడబోయింది.

"నీకేం తెలుసు దీని సంగతి? పో, పోయి గరిటె తిప్పుకో!"

ఇంజన్ హోరులో కూడా ఆ మాట ఆశ్రమమంతా వినబడింది. ఇన్నేళ్ళూ ఆవిడను 'అమ్మా, మీరు' అన్నవాడే. అప్పలకొండమ్మ కొంగు సర్దుకుని వంటశాలకేసి వెళ్ళిపోయింది. పైడిరాజు తెల్లబోయాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది, అనుమానం లేదు. ఎక్కడ నుంచి వచ్చిందో మాత్రం అంతుచిక్కలేదు. రోజూ వెతికే మనసే కదా, అందులో ఇది ఎప్పుడూ తగల్లేదే! సిగ్గుతో చచ్చిపోతూ ఇంజన్ కట్టేయబోయాడు.

"ఆపకు," అన్నారు గురువుగారు. ఎప్పుడు వచ్చారో, పక్కనే నిలబడి ఉన్నారు. "లివరు పార్కింగులో పెట్టు. ఇంజన్ అలాగే నడవనీ. ఇప్పుడు చూడు నూనె."

"నడుస్తుండగానా? నూనె ఎప్పుడైనా ఆపి కదండీ చూసేది? మా నాన్న..."

"మీ నాన్న చూసింది ఇంజన్ నూనె. ఇది గేర్‌పెట్టెది."

పైడిరాజు పుల్ల లాగాడు. పొడిగా వచ్చింది. తుడిచి మళ్ళీ ముంచాడు. కొసన కూడా తడి లేదు. నమ్మలేక ఇంజన్ ఆపి, కాసేపు ఆగి చూస్తే నిండుగా ఉంది. ఇంజన్ వేసి చూస్తే మళ్ళీ పొడి. అదే కారు, అదే పుల్ల. అతనికి బుర్ర తిరిగిపోయింది.

"ఉన్నట్టా అండీ, లేనట్టా?"

"నడిచేటప్పుడు నూనె పైకెక్కి పని చెయ్యాలి. అప్పుడు చాలిందో లేదో తెలుస్తుంది. ఆపేస్తే ఎక్కడెక్కడిదీ కిందికి దిగి ఒక్కచోట చేరుతుంది," అన్నారు ఆయన. "స్టోరు గదిలో డబ్బా ఉంది, పట్టుకురా."

స్టోరు తాళం అప్పలకొండమ్మ దగ్గర ఉంటుంది. పైడిరాజు వంటశాల గుమ్మంలో నిలబడి, "అమ్మా, నూనె డబ్బా..." అన్నాడు. ఆవిడ తాళం తీసి, డబ్బా తెచ్చి చేతికిచ్చింది.

"పొయ్యడానికి గరిటె కూడా ఇయ్యమంటారేటి బాబూ?"

నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు తల దించుకుని.

"ముందు దోవ తియ్యండి. వంకాయలు ఎండలో వాడిపోతన్నాయి," అందావిడ.

ఇంజన్ నడుస్తుండగానే కొంచెం కొంచెంగా పోస్తూ, పుల్ల ముంచి చూస్తూ, గీత దాకా తెచ్చాడు. లివరు ముందుకు తోసేసరికి, అంతసేపు మొరాయించిన కారు ఏమీ ఎరగనట్టు మెత్తగా సాగింది. కూరల బండి లోపలికి పోయింది. గురువుగారు వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. సంచీ వెనక సీట్లో ఉంది.

గేటు దగ్గర పైడిరాజు బ్రేకు మీద కాలు పెట్టాడు. కుడికి తిరిగితే బస్టాండు. ఎటూ తిప్పలేకపోయాడు.

"కారుకు ఏం తక్కువైందో తెలిసింది గురువుగారూ. నాకేం తక్కువో మీరింకా చెప్పలేదు."

"రోజూ పరీక్షించుకుంటానన్నావు. ఎప్పుడు చూసుకుంటావు?"

"తెల్లవారుజామున అండి. ఇంకా ఎవరూ లేవకముందు, ఒక్కణ్ణే కూర్చుని."

"మంచి వేళే," అన్నారు గురువుగారు. "ఆ వేళప్పుడు ఎవరిది చూసినా నిండుగానే ఉంటుంది."