జోడమ్మ తిప్ప: నీళ్ళు పోసి అడిగే తల్లి కథ

మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, వేరుశనగ చేల మధ్య బండిబాట పట్టుకుని అరగంట నడిస్తే జోడమ్మ తిప్ప వస్తుంది. తిప్ప అంటే పెద్ద కొండేమీ కాదు. కాళ్ళ నొప్పులున్న వాళ్ళు కూడా మధ్యలో ఒకసారి కూర్చుని ఎక్కగలరు. చుట్టుపక్కల కొండల మీద ఇప్పుడు గాలిమరలు పెట్టారు. పొద్దున మంచు పట్టినప్పుడు వాటి స్తంభాలు కనపడవు, రెక్కలు మాత్రం మబ్బులో ఈదుతున్నట్టు తెల్లగా తిరుగుతుంటాయి. తిప్ప పైన రెండు పెద్ద గుండ్లు ఒకదానికి ఒకటి ఆనుకుని ఉన్నాయి. ఆ గుండ్ల సందులోనే అమ్మ ఉంటుంది. గోపురం లేదు, తలుపు లేదు. ఎండ ఎంత కాసినా లోపల చల్లగా ఉంటుంది. గాలి దూరితే ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు వస్తుంది.

వంగి చూస్తే అమ్మవారి రూపం కనపడదు. ఒక రాతి మీద రెండు పొట్టేళ్ళు, ఒకదాని మెడ మీద ఇంకొకటి మెడ వేసి నిలబడి ఉంటాయి. పసుపు పూసి పూసి కొమ్ముల వంపులు నున్నగా అయిపోయాయి. కొత్తగా వచ్చిన వాళ్ళు "అమ్మ ఏదమ్మా?" అని అడుగుతారు. ఇదేనని చెబితే "వీటిలో ఆడది ఏది?" అని మళ్ళీ అడుగుతారు. రెండూ పొట్టేళ్ళే. ఎందుకట్లా ఉన్నాయో పెద్దలు చెప్పగా విన్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. జానెడు గడ్డి, తుమ్మ కంప, గుండ్లు, అంతే. తిప్ప కింద కురుబవాళ్ళ గుడిసెలు ఏడెనిమిది ఉండేవి. వాళ్ళలో లింగప్ప అనే ఆయనకు పెద్ద మంద ఉండేది. భార్య కాలం చేసింది. ఒక్కతే కూతురు, పేరు ఓబులక్క. మందను మేపేది ఆ పిల్లే. మాట తక్కువ. గొర్రెలతో తప్ప మనుషులతో గట్టిగా మాట్లాడింది ఎవరూ వినలేదు.

బొచ్చు కత్తిరించే రోజులు వచ్చినప్పుడు పక్క ఊళ్ళ నుంచి కంబళ్ళు నేసేవాళ్ళు వచ్చి సాయం పట్టేవారు. బొచ్చులో కొంత వాళ్ళకు ఇచ్చేవారు. ఒక ఏడు అట్లా వచ్చిన వాళ్ళలో మాళమ్మ అనే పిల్ల ఉంది. ఓబులక్క గొర్రె కాళ్ళు పట్టుకుంటే మాళమ్మ కత్తెర ఆడించేది. మాళమ్మ నోరు ఊరుకోదు.

"ఈ గొర్రె అచ్చం మా మేనత్త మాదిరే ఉండాది, చూడు. బొచ్చు తీసినాక ఇంకా పోలిక పెరిగింది" అని అనేసరికి ఓబులక్క నవ్వు ఆపుకోలేక కాళ్ళు వదిలేసింది. సగం బొచ్చుతో గొర్రె పారిపోయింది. ఇద్దరూ దాని వెంట తిప్ప ఎక్కి, ఈ గుండ్ల దగ్గర పట్టుకున్నారు. పట్టుకున్నాక వెంటనే దిగి రాలేదు. గాలికి బొచ్చు పింజలు ఎగిరి వాళ్ళ తలల మీద, కనురెప్పల మీద వాలాయట. కింద నుంచి చూసినవాళ్ళకు తిప్ప మీద ఒక చిన్న మబ్బు కూర్చున్నట్టు కనపడిందని చెబుతారు.

పని అయిపోయింది. వచ్చినవాళ్ళంతా పోయారు, మాళమ్మ పోలేదు. బొచ్చు వడకడానికి ఉంటానని చెప్పి ఉండిపోయింది. ఇద్దరూ ఒకే కంబళి కప్పుకునేవారు, ఒకే సంగటి ముద్ద తుంచుకుని తినేవారు. ఏడాది గడిచింది.

ఆ కాలంలోనే లింగప్ప దూరం సంతకు పోయి, విత్తనానికని ఒక నల్ల పొట్టేలును కొనుక్కొచ్చాడు. కొమ్ములు రెండు చుట్లు తిరిగి, చూపుకు రాజు మాదిరి ఉండేది. తొలకరి పడి గొర్రెలు ఎదకు వచ్చాయి. నల్లోడు వాటి వైపు చూడలేదు. మందలోనే పుట్టిన బూడిదరంగు పొట్టేలు ఒకటి ఉండేది, దాని వెంటే తిరిగేది. మేసేటప్పుడు పక్కన మేసేది. నీడకు పడుకుంటే దాని మెడ మీద గడ్డం ఆనించి పడుకునేది. జత కట్టాలన్నా దాంతోనే. లింగప్ప ఉలవలు ఉడకబెట్టి పెట్టాడు, దిష్టి తీశాడు, పసరు పోశాడు. పసరు కక్కేసి నల్లోడు మళ్ళీ బూడిదోడి దగ్గరకే పోయింది. చివరికి విసిగిపోయి, జాతర నాడు దాన్ని అమ్మకు ఇచ్చేస్తానని మొక్కుకున్నాడు. అప్పటికి అమ్మ అంటే గుండ్ల సందులో ఒక పసుపు ముద్ద మాత్రమే.

అదే జాతర మరునాడు ఓబులక్కకు పెళ్ళి అనుకున్నారు. పెళ్ళికొడుకు ఆమె మేనమామ హనుమప్ప. మంచివాడే. కబురు తెలిసిన నాడు ఓబులక్క రొప్పంలో, అంటే గొర్రెలు తోలే కంచె లోపల, తండ్రి దగ్గరకు వచ్చి నిలబడింది.

"నాయనా, నేను మాళమ్మతోనే ఉంటా. మామతో పోను."

లింగప్పకు మొదట అర్థం కాలేదు. "ఆ పిల్లను కూడా తోడు తీసుకుపో. ఎవరొద్దన్నారు?"

"తోడు కాదు నాయనా. ఆయమ్మే నాకు."

లింగప్ప చేతిలో ఉన్న తాడు కింద పడింది. "సృష్టిలో యాడన్నా ఉండాదా ఇట్లాంటిది?" అన్నాడు. రొప్పం మూల నల్లోడు, బూడిదోడు చెంపలు రాసుకుంటున్నాయి. కూతురు అటే చూస్తోంది. ఆయన అటు చూడకుండా బయటకు పోయాడు. పెళ్ళి అయిన నాడే మాళమ్మ తన ఊరికి వెళ్ళిపోవాలని కూడా చెప్పించాడు.

జాతర ఇంకా మూడు రోజులు ఉందనగా, మిట్టమధ్యాహ్నం మందను నీడకు తోలి, లింగప్ప ఈ గుండ్ల సందులో నడుం వాల్చాడు. చలికాలమైనా మధ్యాహ్నపు ఎండ పాలపొంగు మాదిరి తేలుతోంది. కన్ను మూతపడింది. కలలో ఒక ముసలావిడ కదురు పట్టుకుని బొచ్చు వడుకుతోంది. ఆమె ఒడిలో ఉన్నది బొచ్చు కాదు, మబ్బులు. పీకి పీకి దారం తీస్తోంది.

"లింగా, నాకేం తెస్తాండావు?" అంది.

"పొట్టేలును తెస్తా తల్లీ."

"తెచ్చేదాన్ని అడిగి తీసుకురా. ఎవరిని ఇచ్చినా సరే, అడిగినాకే ఇయ్యి. జవాబు వచ్చేదాకా నిలబడు."

లేచేసరికి మీసాల మీద చెమట చల్లగా ఉంది. లింగప్ప నవ్వుకున్నాడు. పొట్టేలును అడగడం మనవాళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. బలికి ముందు దాని వీపు మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు, లేకపోతే కత్తి ఎత్తకూడదు. ఈ మాత్రం నాకు తెలియదా అనుకుని మంద తోలుకుని దిగిపోయాడు. కలలో తల్లి ఒక్క పొట్టేలును అని అనలేదు, ఎవరిని ఇచ్చినా అంది కదా అని ఆయనకు తట్టలేదు.

జాతర నాడు తెల్లవారుతూనే నల్లోడికి వేపమండలు కట్టి తిప్ప మీదకు తెచ్చారు. అమ్మకు పసుపు పెట్టేది లింగప్ప మేనత్త కాటవ్వ. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నల్లోడి వీపు మీద పోసింది. చలిగాలి వీస్తోంది. ఏ పొట్టేలైనా వెంటనే విదిలిస్తుంది. నల్లోడు కదలలేదు. రెండో చెంబు పోశారు, మూడోది పోశారు. బొచ్చు కొసల నుంచి చుక్కలు కారుతున్నాయి, అది మాత్రం గుండ్ల మధ్య ఇంకొక గుండు మాదిరి నిలబడి ఉంది.

"లింగన్నా, మొండితనం నీ దగ్గరే నేర్చుకున్నట్టుండాదే!" అన్నారెవరో.

"నీళ్ళు కాదప్పా, కల్లు పోయండి, ఎగురుతాది" అన్నారు ఇంకొకరు.

హనుమప్ప కొత్త అంగీ తొడుక్కుని వచ్చాడు. "బావా, ఇది తెమిలేలోపల నాకు గడ్డం నెరుస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. నల్లోడు కదల్లేదు. అంతలో కింద రొప్పంలో కట్టేసిన బూడిదోడు తాడు తెంపుకుని, జనం కాళ్ళ మధ్య దూరి వచ్చి, నల్లోడి తడి మెడ మీద మెడ వేసి నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"అమ్మ వద్దంటాండాది" అంది కాటవ్వ.

"అమ్మకు కూడా వద్దంటే ఈ పనికిమాలిన దాన్ని ఏం చేసుకోను? ఇట్లాంటిది సృష్టిలో లేదు అత్తా!" అన్నాడు లింగప్ప.

"లేదా? నలభై ఏండ్లు గొర్లు కాసినావు. పది పన్నెండు పొట్టేళ్ళలో ఒకటి ఇట్ల పుడతాదని నీకు తెల్దా? తెలుసు కాబట్టే చెప్పకుండా సంతలో అమ్మేసి వస్తావు. ఎవరో నీ మాదిరోడే దీన్ని నీకు అమ్మినాడు." జనం మళ్ళీ నవ్వారు. కాటవ్వ నవ్వలేదు. "పోయినేడు మన చేలో రెండు ఆడ కౌజు పిట్టలు ఒకే గూట్లో గుడ్లు పెట్టి వంతులేసుకుని పొదగలేదా? నువ్వే కదరా నాకు చూపించింది! మబ్బులు, గడ్డి, గొర్రె, ఇవి సృష్టి కాకపోతే సృష్టి ఇంక యాడుండాది?"

లింగప్ప తల వంచుకున్నాడు. అప్పుడు కల గుర్తొచ్చింది. వచ్చిన కలను వచ్చినట్టు చెప్పాడు. కాటవ్వ విని చెంబు కింద పెట్టింది.

"నోరు లేనిదాన్ని పొద్దున్నించి అడుగుతాండాం. నోరున్న బిడ్డను ఒక్కసారి అడిగినావా?"

"అది చెప్పింది అత్తా. నేనే వినలేదు."

కాటవ్వ చెంబు నింపుకుని ఓబులక్క దగ్గరకు పోయింది. పసుపు పెట్టిన పెళ్ళికూతురు తల మీద నీళ్ళు కుమ్మరించి, "మీ మామతో పోతావా పాపా?" అని అడిగింది.

ఓబులక్క కదలలేదు. తడిబట్టల మీద చలిగాలికి పెదవులు నీలంగా అయ్యాయి. ఒళ్ళు వణకబోతే పళ్ళు బిగించి ఆపుకుంది. వణికితే విదిలించినట్టు అవుతుంది, ఒప్పుకున్నట్టు అవుతుంది. జడ నుంచి, గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. తిప్ప మీద గాలి తప్ప చప్పుడు లేదు. ఎంతసేపు నిలబడిందో ఎవరూ చెప్పలేరు. ఒక మబ్బు వచ్చి, నీడ వేసి, పోయిందని మాత్రం చెబుతారు.

వెనక గుండు పక్కన మాళమ్మ తన మూట చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. కాటవ్వ ఆమెను చేయి పట్టి తెచ్చి, పక్కన నిలబెట్టి, ఇద్దరి మీదా నీళ్ళు పోసింది. "మాళమ్మతో ఉంటావా?"

ఓబులక్క తల విదిలించింది. జడ ఊడిపోయి, జుట్టు చక్రం తిరిగి, నీళ్ళు వాన మాదిరి లేచాయి. మాళమ్మ కూడా విదిలించింది. ఆ వెంటనే నల్లోడు, బూడిదోడు కొమ్ముల నుంచి తోక దాకా విదిలించుకున్నాయి. పసుపు నీళ్ళ చుక్కలు జనం అందరి మీదా పడ్డాయి. హనుమప్ప కొత్త అంగీ నిండా మచ్చలే.

"బావా, మరి నా అంగీ?" అన్నాడు.

"జాతరకు ఏసుకో, బాగుండావు" అన్నాడు లింగప్ప. ఆయన ముఖం తడిగా ఉంది. నల్లోడి మెడలో తాడు విప్పేసి, కూతురి తలను తన పంచె కొంగుతో తుడిచాడు. తర్వాత మాళమ్మ తలను కూడా తుడిచాడు.

పొట్టేళ్ళు నిలబడిన చోట ఎండాకాలంలో కూడా గరిక పచ్చగా మొలిచిందంటారు. అక్కడే లింగప్ప ఈ రాయిని చెక్కించి నిలబెట్టాడు. కాటవ్వ తర్వాత ఓబులక్క, మాళమ్మ అమ్మకు పసుపు పెట్టారు. నలుపు, బూడిద దారాలు కలిపి వాళ్ళు నేసిన కంబళ్ళు చాలా ఊళ్ళకు పోయాయి.

ఆ నాటి నుంచి ఈ తిప్ప మీద బలి లేదు. మొక్కుకున్న పొట్టేళ్ళను వదిలేస్తారు. ఒక ఏడు జాతరకు వచ్చిన నాటకం వాళ్ళు మాళమ్మను మగవాడిని చేసి, యుగళగీతం కూడా కట్టారు. ఊరి ఆడవాళ్ళు చాపలు చుట్టుకుని లేచిపోయారు. మరుసటి ఏడు కథను సరిచేసుకుని వచ్చారు. సినిమాల్లో ఇట్లాంటి జంటలను నవ్వు కోసం పెడుతుంటారు. ఆ నవ్వు ఇక్కడ నవ్వకూడదని పెద్దల మాట. ఇట్లాంటి పొట్టేళ్ళ వీడియోలు సెల్‌ఫోన్లలో చూసి, ఇది నిజమేనా అని అడిగేవారికి మా జవాబు ఒకటే. మంద వెంట నాలుగు రోజులు తిరగండి.

చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి ఏది అనుకున్నా ముందు పిల్లను, పిల్లవాడిని ఇక్కడికి తెస్తారు. నీళ్ళు పోసి అడుగుతారు. కదలకుండా నిలబడితే ఆ పెళ్ళి ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగకూడదు, ఇంటికి పోయి తిట్టకూడదు. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, ఎవరు ఎవరితో వచ్చినా అదే చెంబు, అదే ప్రశ్న. పోయిన మాఘమాసంలో టౌను నుంచి ఒక పెద్దాయన కొడుకునూ, కొడుకు కోరుకున్న అబ్బాయినీ వెంటబెట్టుకుని వచ్చాడు. చెంబు తానే పట్టుకున్నాడు. నీళ్ళు పోశాడు గానీ అడగకుండా ఖాళీ చెంబులోకి చూస్తూ ఉండిపోయాడు. పిల్లలిద్దరూ తడిసి, ఆయన వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. చివరికి, "మీకు ఇష్టమేనా నాయనా?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే తల విదిలించారు.

ఈ గుడిలో తీర్థం చేతిలో పోయరు. తడిసిన జంట తల విదిలించినప్పుడు మన మీద పడే చుక్కలే తీర్థం. అవి పడిన ఇంట్లో పిల్లలు చల్లగా ఉంటారు, మంద పెరుగుతుంది, మనసులో దాచుకున్న మాట బయటకు వస్తుంది. అందుకని కన్నవాళ్ళు బట్టలు తడుస్తాయని దూరంగా గుండ్ల చాటుకు పోవద్దు. దగ్గరగా వచ్చి నిలబడండి.