తాతగారి పిస్తోలు, దీక్షితులుగారి ముక్కు

గుమ్మడిదుర్గం రాజు రామభద్ర భూపతికి ఒక ఉదయం ఉన్నట్టుండి తాతగారి పిస్తోలు గుర్తొచ్చింది. ఆ తాత పటాలంలో ఉన్ననాటిది. ఇన్నేళ్లూ అటకమీద పడి ఉంది.

"దీంతో మా తాత ఎంతమందిని పడగొట్టాడో ఎల్లుండికల్లా తేల్చండి. నిజం తేల్చినవాడికి ఆయుధశాల తాళాలు. తప్పు చెప్పినవాడు కోట ఖాళీ చెయ్యాలి!" అన్నాడు.

ఆయుధశాల చూసుకునే జల్లయ్య గుండెల్లో రాయి పడింది. ఆ తాళాలు ఇరవై ఏళ్లుగా అతని మొలతాడుకే ఉన్నాయి. వాటిమీద ఆస్థాన పండితుడు చిదంబర దీక్షితులు కన్నేశాడు, బావమరిదిని ఆ కొలువులో పెట్టాలని.

ముందుగా దీక్షితులే పిస్తోలు పట్టుకెళ్లాడు. పూజసామాను తోమినట్టు చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమించాడు. ఆ తోముడికి పటాలం ముద్ర కూడా అరిగిపోయింది.

అది చూసి జల్లయ్యకు ఒళ్లు మండింది. పిస్తోలు తన చేతికి రాగానే నువ్వులనూనె గుడ్డతో మెల్లగా తుడిచి, గొట్టంలో పుల్ల పెట్టి కదిపాడు. మైనం బిరడా ఊడొచ్చింది. వెనకాలే నల్లబడ్డ పొడి. వాసన చూశాడు. చాలాసేపు నవ్వుకున్నాడు.

మూడోనాడు సభలో దీక్షితులు గొంతు సవరించుకున్నాడు.

"నూరుగురు ప్రభూ! ఒక్క పూటలో నూరుగురు నేలకూలారు. తుపాకీమందు వాసన చూసి అది ఏ యుద్ధానిదో చెప్పగల ముక్కు నాది!"

జల్లయ్య వినయంగా పళ్లెం ముందుపెట్టాడు. "గొట్టంలో మిగిలిన పొడండీ. ఏ యుద్ధమో తమరే సెలవియ్యాలి."

దీక్షితులు చిటికెడు తీసి గట్టిగా పీల్చాడు.

"నిస్సందేహంగా ఇది... హా... హా..."

మొదటి తుమ్ముకు తలపాగా ఎగిరి రాజుగారి ఒళ్లో పడింది. ఆరో తుమ్ముకు దీక్షితులే కూలబడ్డాడు.

"ఏమిటిరా అది?" అన్నాడు రాజు.

"నశ్యం ప్రభూ. కాల్చిన పిస్తోలులో మసి ఉంటుంది. ఇందులో మసి జాడే లేదు."

"మా నాయనమ్మకు నశ్యమంటే మంట. ముసలాయన ఇందులో దాచాడన్నమాట!" అన్నాడు రాజు. అంతలోనే మొహం ముడుచుకున్నాడు. "అయితే మా తాత ఒక్కణ్ణీ పడగొట్టలేదంటావా?"

జల్లయ్య చేతులు జోడించాడు.

"ఎంతమాట ప్రభూ! చిటికెడుకే ఆస్థాన పండితులు పడ్డారు. గొట్టం నిండా ఉంటే నూరుగురు ఒక లెక్కా?"

రాజు పగలబడి నవ్వాడు. సభ మొత్తం నవ్వింది. తాళాలు జల్లయ్యకే ఉండిపోయాయి, పైగా రాజుగారి మెడలోని బంగారు గొలుసు అతని మెడలో పడింది.

దీక్షితులు కాళ్లావేళ్లా పడితే రాజు కోటలో ఉండనిచ్చాడు. వారం వారం పిస్తోలుకు నూనె రాసే పని అప్పగించి, "చింతపండు ముట్టుకున్నావో, జాగ్రత్త!" అన్నాడు.