పల్లకీ ఎక్కబోయిన వైద్యుడు

పిల్లలూ, మన ఊరికి ఇంత దూరాన ఉన్న మీకీ కథ ఎవరూ చెప్పి ఉండరు.

రాజుగారి పల్లకీ మోసే గురవప్పకు కొండదారి మొదట్లోనే పాదం మడతపడి చీలమండ వాచింది.

"అంతా సాకు! మొయ్యకపోతే కొలువు ఊడుతుంది," అన్నాడు రాజవైద్యుడు, కాలివైపు చూడకుండానే.

"చిత్తం, దొరా. రాజుగారి కంటే ముందు తమరు ఎక్కండి. మోసి చూపిస్తాను."

రాజు సరేనన్నాడు. వైద్యుడు పల్లకీలో ఒక కాలు పెట్టి, ముందు దారి పక్కనున్న లోయవైపు చూసి, గబుక్కున దిగాడు. వంగి చీలమండ నొక్కాడు.

"నాలుగడుగులు వెయ్యి."

రెండో అడుగుకే గురవప్ప కూలబడ్డాడు.

"ఎముక విరిగిందేమో ప్రభూ! బద్దలు కట్టి, కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టాలి."

"తమ కాలు పల్లకీలో పడ్డాకే నా కాలు కనబడిందా, దొరా?" అన్నాడు గురవప్ప.

రాజు పకపకా నవ్వాడు. కాలు నయమయ్యేదాకా గురవప్ప కొలువు పదిలమన్నాడు.

ఆటలో ఎవరైనా కుంటితే, సాకు అనేవాళ్లకు ఈ కథ చెప్పండి, మరిచిపోకండి.