మోదుగ పూల స్నానం

తునికిమెట్ట అడవిలో చిలకలు, కొంగలు, కాకులు, ఒక పాలపిట్ట, కింద గడ్డిలో ఒక కౌజుపిట్ట ఉండేవి. కౌజుపిట్ట పేరు గవ్వమ్మ. తన పేరు చివర చెప్పామని తెలిస్తే దానికి ఒళ్ళు మండిపోయేది. అంత అసూయ దానికి!

గవ్వమ్మ రోజూ పొద్దున్నే పిల్లల్ని మట్టిలో పొర్లించేది. కౌజుపిట్టల స్నానం అదే. ఆ తర్వాత తలలెత్తి చూడమని రంగులు నేర్పేది.

"చిలక?"

"ఆకుపచ్చ!"

"కొంగ?"

"తెలుపు!"

"కాకి?"

"నలుపు!"

"రెక్క విప్పిన పాలపిట్ట?"

"నీలం! అబ్బ, ఎంత బాగుందో!"

ఆ 'అబ్బ' వినగానే గవ్వమ్మ కడుపు రగిలిపోయింది. అంతలో కడగొట్టు పిల్ల బుజ్జి అడిగింది, "అమ్మా, మరి నీది ఏ రంగు?"

గవ్వమ్మ తన రెక్కల వైపు చూసుకుంది. మట్టి రంగు. ఛీ, అదీ ఒక రంగేనా! "పాలపిట్టకు అంత నీలం పూసిన దేవుడికి నా దగ్గరికొచ్చేసరికి రంగులన్నీ అయిపోయాయి కాబోలు," అని కుమిలిపోయింది. ఆ పూట గింజ కూడా ముట్టలేదు.

మర్నాడు బండ పక్కన నీళ్ళ గుంటలో మోదుగ పూలు రాలి నానుతూ కనిపించాయి. నీళ్ళన్నీ నారింజ రంగు! గవ్వమ్మ మట్టి స్నానం మానేసి అందులోకి దిగింది. ముక్కు నుంచి తోక దాకా మునిగి, రెక్కలు ఆరబెట్టుకుంది.

కొమ్మ మీంచి పాలపిట్ట చూసింది. "గవ్వమ్మక్కా, వద్దు! రంగుంటే డేగ కన్ను పడుతుంది. నేనైతే ఎగిరిపోతాను. పిల్లలతో నేల మీద తిరిగేదానివి, నువ్వేం చేస్తావు?"

"ఓహో! రంగు నీ ఒక్కదానికే ఉండాలా? నన్ను చూసి కుళ్ళుకోకు!" అని గవ్వమ్మ తోక విదిలించి పోయింది.

పిల్లలు దాన్ని చూసి "అబ్బ!" అన్నాయి. గవ్వమ్మ కడుపు చల్లబడింది.

ఇంతలో గడ్డి మీద డేగ నీడ పడింది.

"అణగండి!" అంది గవ్వమ్మ. పిల్లలన్నీ నేలకు కరుచుకున్నాయి. కదలకుండా పడుకుంటే కౌజుపిట్టలు ఎంతటి డేగకైనా మట్టిబెడ్డల్లాగే కనిపిస్తాయి. గవ్వమ్మ కూడా వాటి పక్కనే అణిగింది. కానీ ఎండుగడ్డిలో నారింజ రంగు దాగుతుందా? డేగ తిన్నగా దాని మీదికే దిగసాగింది.

"అయ్యో, నాతోపాటు నా పిల్లలూ దొరికిపోతాయి!" గవ్వమ్మ ఒక్క ఉదుటున లేచి పిల్లలకు దూరంగా పరుగెత్తింది. డేగ వెంటపడింది. దాని గోళ్ళకు గవ్వమ్మ తోక చిక్కింది. తోక ఈకలన్నీ ఊడిపోతే పోయాయని గవ్వమ్మ రేగు పొదలో దూరింది. ముళ్ళకు జడిసి డేగ వెళ్ళిపోయింది.

ఒళ్ళంతా గీరుకుపోయి గవ్వమ్మ తిరిగొచ్చింది. పిల్లలు కనబడలేదు. అటు వెతికింది, ఇటు వెతికింది. ఎండుగడ్డి, మట్టి, అంతే.

"నా తల్లుల్లారా! చేజేతులా మిమ్మల్ని పోగొట్టుకున్నానా!" అని భోరుమంది.

"ఇక్కడే ఉన్నాం కదమ్మా!" అని దాని కాళ్ళ దగ్గరే ఒక మట్టిబెడ్డ మాట్లాడింది. అది బుజ్జి! పక్కనే మిగతా పిల్లలూ కళ్ళు విప్పాయి. కన్నతల్లికే కనిపించని పిల్లలు డేగకేం కనిపిస్తాయి?

గవ్వమ్మ నారింజ రంగంతా పోయేదాకా మట్టిలో పొర్లింది. తోక లేదని కాకులు నవ్వాయి. నవ్వితే నవ్వనీ అనుకుంది.

ఆ సాయంత్రం మళ్ళీ రంగుల పాఠం మొదలైంది.

"పాలపిట్ట?"

"నీలం!"

"మరి మనం?"

"మట్టి రంగు!"

"అబ్బ, ఎంత బాగుందో!" అంది గవ్వమ్మ.

నీతి: ఎదుటివారి సొగసు చూసి కుళ్ళుకునేవారికి, తమను కాపాడే సొంత గుణం కంటికి ఆనదు.