పేరులేని రంగు

పట్టాభికి చిక్కు బట్టల దగ్గరే వచ్చింది. బట్టల మధ్య పుట్టి పెరిగినవాడికి అది నామోషీ.

శుక్రవారం పదకొండు గంటలకు కూతురు వైదేహి బడిలో సభ ఉంది. ఊళ్ళో మగవాళ్ళు చాలామంది అలాంటి పగటి సభలకు కిల్టు కట్టుకుని వస్తారు. కిల్టు అంటే గళ్ళ ఉన్నిబట్ట. కుచ్చిళ్ళు వెనక్కి వచ్చేలా నడుముకు చుట్టుకుంటారు. మోకాళ్ళ దాకా ఉంటుంది. ఉత్తర స్కాట్లాండ్‌లో ఎల్గిన్ అనే ఆ చిన్న ఊళ్ళో, మిసెస్ గెడ్డెస్ అనే డెబ్భై ఆరేళ్ళావిడ దగ్గర పట్టాభి నాలుగేళ్ళుగా ఆ కిల్టులు కుట్టడమే నేర్చుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ ఊరివాళ్ళకు కుట్టాడు గాని, తను మాత్రం ఒక్కసారీ కట్టలేదు.

ఈసారి కట్టాలనుకోవడానికి కారణం ఉంది.

పోయినేడు ఇదే సభకు అతను సూటులో వెళ్ళాడు. వంకాయరంగు సూటు, వంకాయరంగు టై, జేబులో అదే రంగు రుమాలు, కాళ్ళకు అదే రంగు మేజోళ్ళు. ఒక్క దారప్పోగు తేడా లేదు. వెనక వరసలో పిల్లలెవరో, ఈ గారడీ ఆయన టోపీలోంచి కుందేలును ఎప్పుడు తీస్తాడని అడిగారు. నవ్వు వరసలు దాటి వేదిక దాకా పాకింది. వేదిక మీద మాట్లాడుతున్న వైదేహి మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ అందుకోలేక దిగి వచ్చేసింది. ఇంటికి చేరేదాకా కారులో ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ ఏడు టీచర్ మళ్ళీ ఆమె పేరే రాసింది. వైదేహికి పదిహేనేళ్ళు. వద్దని చెప్పే వయసే, కానీ ఒప్పుకుంది. ఆ సంగతి అన్నం తింటూ చెప్పింది.

"జనంలో ఒక్క ముఖం చూసుకుని మాట్లాడమంది టీచర్. నేను నీ ముఖమే చూస్తాను నాన్నా."

తర్వాత కంచం కడుగుతూ, వెనక్కి తిరక్కుండా ఇంకో మాట అంది.

"అందరూ నిన్ను చూసేలా మాత్రం రావద్దు."

పరాయిచోట పిల్లల్ని పెంచేవాళ్ళకు అలాంటి మాట ఒక్కటి చాలు, నెల రోజులు నెమరు వేసుకోవడానికి. పట్టాభి రెండు నెలలు వేసుకున్నాడు. చివరికి, అందరిలా కిల్టే కట్టాలనీ, అందులో ఒక్క రంగు కూడా తప్పు పోకూడదనీ తీర్మానించుకున్నాడు. మిగతావాటిలో తన మీద తనకు నమ్మకం తక్కువ. రంగుల విషయంలో మాత్రం అతనికి ఎదురు లేదు.

పాలకొల్లు బజారులో అతని తండ్రి సూర్యప్రకాశం గారికి మ్యాచింగ్ సెంటర్ ఉండేది. చీర తెస్తే దానికి జాకెట్టు గుడ్డ, లంగా, ఫాల్, దారం, అన్నీ రంగు కలిపి ఇచ్చే కొట్టు. గోడ నిండా రూబియా తానులు ఉండేవి. చిలకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠం, మెంతిరంగు, ఉల్లిపొర, కనకాంబరం. పేరులేని రంగు ఆ కొట్లో లేదు. పొద్దున్నే తలుపులు తీయగానే వచ్చే గంజి వాసన పట్టాభికి ఈ చలిదేశంలో కూడా ఒక్కోసారి ముక్కుకు తగులుతుంది. పదేళ్ళ వయసులోనే అతను చీర అంచు ఒక్కసారి చూసి, నిచ్చెనెక్కి, సరిగ్గా ఆ తానే లాగేవాడు. వచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

తండ్రి మాత్రం ఆ గుడ్డను వెంటనే కొలిచేవాడు కాదు. వచ్చినావిడను గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టేవాడు. భుజం మీద గుడ్డ వేసుకోమని, తను నాలుగడుగులు వెనక్కి వచ్చేవాడు. అప్పుడు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకునేవాడు. తుడుస్తూనే ఆవిడ వైపు చూసేవాడు. ఒక్కోసారి తల అడ్డంగా ఊపి, కొడుకు తీసిన గుడ్డ పక్కన పెట్టేసి, ఇంకేదో నీరసపు రంగు చింపి ఇచ్చేవాడు.

పట్టాభికి రోషం వచ్చేది. నాన్నకు చూపు తగ్గిందని అమ్మతో అన్నాడు కూడా. "పాలకొల్లు దుమ్మంతా ప్రకాశం గారి కళ్ళజోడు మీదే పడుతుందర్రా," అని ఎదురు కొట్లో గాజులమ్మే రత్తమ్మ వేళాకోళం చేసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నీరసపు గుడ్డ పట్టుకెళ్ళిన ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఆ కొట్టుకే ఎందుకు వచ్చేవారో పట్టాభి అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ కొట్టూ లేదు.

మిసెస్ గెడ్డెస్ కూడా చెప్పే మనిషి కాదు. మెచ్చుకోదు, తిట్టదు. కుట్టు బాగుంటే పక్కన పెడుతుంది, బాగాలేకపోతే విప్పి ఇస్తుంది. ఈ ఊళ్ళో ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో రకం గళ్ళు ఉంటాయి కదా, నేను ఏవి కట్టాలని అతను అడిగితే, ఇక్కడ ఉంటున్నావు, ఈ జిల్లా గళ్ళు కట్టుకో అంది. ఆ ఒక్క మాటే. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ గళ్ళు. వాటి మధ్యగా సన్నని ఎర్ర గీత ఒకటి, దానికి జోడుగా పసుపు గీత ఒకటి.

కిల్టు తనే కుట్టుకున్నాడు. కుచ్చిళ్ళు ఆమె విప్పి ఇవ్వలేదు. ఇక మిగతావాటి కోసం, ఆ బట్ట ముక్క ఒకటి జేబులో వేసుకుని మూడు ఊళ్ళు తిరిగాడు. ఒకప్పుడు ఆడవాళ్ళు చీర కొంగు పట్టుకుని తన తండ్రి కొట్టుకు వచ్చినట్టే. ఎర్ర గీతకు సరిపోయే మేజోళ్ళు దొరికాయి, మోకాళ్ళ కింది దాకా వచ్చేవి. పసుపు గీతకు సరిపోయే రిబ్బన్లు దొరికాయి. మేజోళ్ళ మడత కింద వేలాడేలా వాటిని కట్టుకుంటారు. ఎరుపు, పసుపు గళ్ళ టై దొరికింది. ఎర్ర పట్టు రుమాలు దొరికింది. అన్నీ బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూసుకున్నాడు. నాన్న ఉంటే ఈసారి తల అడ్డంగా ఊపేవాడు కాదనుకున్నాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు కోటుతో సహా అన్నీ వేసుకుని మిసెస్ గెడ్డెస్ కొట్టుకు వెళ్ళాడు, ఆమెకు ఒకసారి చూపించి వెళ్దామని.

మిసెస్ గెడ్డెస్ కత్తిరిస్తున్న బట్ట మీద నుంచి తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"కిటికీ దగ్గర నిలబడకు," అంది. "బొమ్మ అనుకుని ఎవరైనా ధర అడుగుతారు."

పట్టాభి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఏ రంగు తప్పిందని అడిగాడు. ఏదీ తప్పలేదంది ఆమె. కిల్టు బట్ట ముక్క జేబులోంచి తీసి, మేజోడు పక్కన పెట్టి, చూడండి, ఒకే ఎరుపు అన్నాడు. అవును, ఒకే ఎరుపే అంది. మరి ఏమిటని అడిగాడు.

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతని ముఖం మీది కళ్ళజోడు తీసి, ఏప్రాన్ జేబులో వేసుకుంది. చిన్నప్పటి నుంచీ పట్టాభికి దూరం ఆనదు. కళ్ళజోడు లేకపోతే లోకమంతా నీళ్ళలో తడిసిన రంగు కాగితం.

ఆ కొట్టు పొడుగ్గా ఉంటుంది. ఈ చివర వీధి గుమ్మం, ఆ చివర గోడకు నిలువెత్తు అద్దం. ఆమె అతన్ని భుజం పట్టుకుని గుమ్మం వెలుతురులో, అద్దానికి ఎదురుగా నిలబెట్టింది.

"ఏం కనిపిస్తోంది?"

"ఎర్ర మేజోళ్ళు."

"ఇంకా?"

"టై. పసుపు రిబ్బన్లు. జేబు దగ్గర ఎర్రగా, రుమాలు."

"ఇంకా?"

కళ్ళు చికిలించి చూశాడు. బట్టలో దారమంత ఉన్న గీత, అద్దంలో మోకాలి నుంచి చీలమండ దాకా రెండు ఎర్ర స్తంభాలై నిలబడింది. ఇంకేదో ఉండాలి. ఎక్కడా ఆనడం లేదు.

"అంతేనండీ," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చింది. చనిపోయిన తన భర్తవి, మేజోళ్ళు. ఆమె అల్లినవే. ఎండిన నాచు మీద బూడిద చల్లినట్టు ఉన్నాయి. ఆ రంగుకు పాలకొల్లులో పేరు లేదు. వాటితో పాటు ముదురు ఉన్ని టై ఒకటి. గళ్ళు లేవు, గీతలు లేవు.

"ఈ రంగు కిల్టులో ఎక్కడా లేదు కదండీ," అన్నాడు పట్టాభి మేజోడు ముఖానికి దగ్గరగా పెట్టుకుని.

"లేదు," అంది ఆమె.

అతను మేజోళ్ళు, టై రెండూ మార్చుకున్నాడు. వేసుకుంటూ, పిల్ల పరువు ముసలాయన మేజోళ్ళలో పెట్టి తీసుకెళ్తున్నానేమోనని ఒకసారి భయపడ్డాడు కూడా. ఈలోగా ఆమె అతని జేబులోంచి ఎర్ర పట్టు రుమాలు లాగింది. అయ్యో అనేలోపే కత్తెరతో రెండు పేలికలు కోసింది. వంగి, పసుపు రిబ్బన్లు తీసేసి, వాటి చోట ఆ ఎర్ర పేలికలు దోపింది. రెండు వేళ్ళ వెడల్పున ఎరుపు బయటికి కనబడుతోంది.

"ఎరుపు ఒక్కచోట చాలు," అంది. కోటును ముట్టుకోలేదు.

మళ్ళీ గుమ్మం దగ్గర నిలబెట్టింది.

"ఇప్పుడు?"

పట్టాభి చూశాడు. అద్దంలో రంగులేవీ ముందుకు రావడం లేదు. కొండవాలులో కొంత చెక్కి తెచ్చి నిలబెట్టినట్టు ఉంది. చూపు దేనికీ తట్టుకోకుండా కాళ్ళ నుంచి నెమ్మదిగా పైకి వెళ్ళింది. వెళ్ళి ఒకచోట ఆగింది. మసకగానే ఉంది. గోధుమరంగులో, కొంచెం తల వంచుకుని, దిగులుగా.

"ఎవరు?" అంది ఆమె.

అతను చెయ్యెత్తి తన ముఖం తడుముకున్నాడు.

ఆమె జేబులోంచి కళ్ళజోడు తీసింది. ఏప్రాన్ కొసతో తుడిచింది. తుడుస్తూ, నాలుగడుగుల దూరం నుంచి అతని వైపు చూసింది. పట్టాభికి ఒక్కసారిగా గంజి వాసన కొట్టింది. గుమ్మంలో వెలుతురు, ఆవిడెవరో భుజం మీద గుడ్డ వేసుకుని నిలబడటం, పంచె చెంగు, కళ్ళజోడు, ఎదురు కొట్లోంచి రత్తమ్మ నవ్వు. నిచ్చెన మీద నుంచి రోషంగా చూస్తున్న పదేళ్ళ తను.

కాస్త కూర్చుంటానన్నాడు. ఆమె కూర్చోనివ్వలేదు.

"వెళ్ళు," అంది, కళ్ళజోడు చేతిలో పెడుతూ. "అమ్మాయి వెతుక్కుంటుంది."

సభలో అతను ఏడో వరసలో కూర్చున్నాడు. అటూ ఇటూ కిల్టుల్లో తండ్రులు. పక్కాయన కాస్త జరిగి చోటిచ్చి, పొద్దున వాన పడుతుందనుకున్నానని అన్నాడు. అంతకు మించి ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. తల తిప్పి చూసినవాళ్ళు లేరు.

వైదేహి వేదికెక్కింది. కాగితం మడిచి పట్టుకుని జనంలోకి చూసింది. ఆమె చూపు మొదటి వరస, రెండో వరస, అలా వెనక్కి వస్తోంది. చూపు పట్టాభి దగ్గరికి వచ్చింది. ఆగింది. బట్టల మీదికి దిగలేదు.

మాట్లాడటం మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట, పోయినేడు ఆగినట్టే, ఆగింది. అతన్నే చూస్తూ ఆగింది. తర్వాత అందుకుంది.

చప్పట్లు మొదలయ్యాయి. పట్టాభి కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే వేదిక వైపు చూశాడు.

కళ్ళజోడు మీద దుమ్మేమీ లేదు.